గర్భిణికి ఫ్లూ టీకా: ఇంటివారు ఆలోచింపదగిన విషయము

హౌరా నుండి వచ్చు రైలుమార్గము ఖరగ్‌పూరు కూడలిలో రెండుగా చీలి, ఒకటి నాగపూరు మీదుగా ముంబయికిని, మరియొకటి ఒడిశా తీరము వెంట ఆంధ్రదేశము మీదుగా చెన్నపట్టణమునకును పోవును. ఈ రెండవ మార్గమే ఖరగ్‌పూరు తెలుగు కుటుంబములను స్వగ్రామములతో కలుపుచున్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున ఇచ్చటి కర్మాగారములో పనికై శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి వచ్చినవారు తరతరములుగా ఈ పట్టణముననే స్థిరపడిరి. వారి సంఖ్యను గుర్తించి పశ్చిమ బెంగాల్ మంత్రిమండలి 2020 డిసెంబరులో తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగుటకు నిర్ణయించినది.

ఎన్ని తరములు గడచినను, ఇంటిలో శుభకార్యము వచ్చినపుడు వీరి చూపు దక్షిణమునకు పోవు రైలువైపే మరలును. తొలిచూలు కాన్పు అట్టి సందర్భములలో ఒకటి. సీమంతము ముగిసిన పిమ్మట కోడలిని పురిటికి పుట్టింటికి పంపుట చాల యిండ్లలో నేటికిని ఆచారము. పలాసలో దిగవలసినను, శ్రీకాకుళము రోడ్డులో దిగవలసినను, విజయనగరములో దిగవలసినను, నిండుచూలాలు గంటల తరబడి పలువురు ప్రయాణికుల నడుమ కూర్చుండక తప్పదు. తోడు పోవువారు మంచినీరు, పండ్లు, దుప్పటి, వైద్యుని చీటీలు అన్నియు జాగ్రత్తగా సర్దుదురు. ఆ సన్నాహములో తరచు మరపునకు వచ్చునది ఒకటి కలదు. అది ఇన్‌ఫ్లుయెంజా, అనగా ఫ్లూ జ్వరము రాకుండ ముందుగా వేయించుకొనదగిన టీకా.

ఆ టీకా ప్రసక్తి వచ్చినపుడు ఇండ్లలో వినబడు మాటలు దాదాపు ఒకే తీరుగ నుండును.

“టి.టి. సూది వేయించాము కదమ్మా, మళ్లీ ఈ సూది దేనికి?” అని అత్తగారు అడుగును.

“డాక్టరుగారు ఏమీ చెప్పలేదే!” అని భర్త సందేహించును.

“మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా? మేము పిల్లల్ని కనలేదా?” అని పొరుగింటి పెద్దమ్మ తన అనుభవము చెప్పును.

కోడలు మాత్రము మాటాడదు. సూది తన చేతికి గుచ్చునదే యైనను, నిర్ణయము తన చేతిలో లేదని ఆమెకు తెలియును. ఈ మాటలలో మొండితనము లేదు. కడుపులోని బిడ్డకు కీడు కలుగరాదను ఆరాటమే కలదు. కావున వానిని త్రోసిపుచ్చక, ఒక్కొక్కదానికి సమాధానము చెప్పుట అవసరము.

జలుబు వేరు, ఫ్లూ వేరు

మన వ్యవహారములో పడిసెమును, దగ్గును, ఒడలి నొప్పులను కలిపి ఫ్లూ అనుట కలదు. ఇది సరికాదు. పడిసెము మెల్లగా వచ్చి, కొలది దినములలో తనంత తాను పోవును. ఫ్లూ అనునది ఇన్‌ఫ్లుయెంజా వైరస్ వలన కలుగు వ్యాధి. ఇది అకస్మాత్తుగా తీవ్రమైన జ్వరముతోను, తలనొప్పితోను, కండరముల నొప్పులతోను, పొడిదగ్గుతోను ఆరంభమగును. ఆరోగ్యవంతులలో అధికసంఖ్యాకులు వారము పది దినములలో కోలుకొందురు. కొందరికి మాత్రము వ్యాధి ఊపిరితిత్తులకు దిగి న్యుమోనియాగ పరిణమించును. దగ్గినపుడును, తుమ్మినపుడును, మాటలాడునపుడును వెలువడు సూక్ష్మమైన తుంపరల వలన ఇది ఒకరినుండి ఒకరికి సోకును. కిక్కిరిసిన రైలుపెట్టె, గాలి చొరని గది దీనికి అనువైన తావులు. మన దేశములో అధికభాగమున వర్షకాలములో ఫ్లూ ప్రబలును. వంగదేశమునందును వానల నెలలే దీనికి ముఖ్యమైన ఋతువు. చలికాలమున సైతము మరియొకసారి కనబడవచ్చును.

గర్భిణికి అపాయమెందుకు?

గర్భము పెరిగినకొలది ఉదరవితానము పైకి నెట్టబడి, ఊపిరితిత్తులు విచ్చుకొనుటకు చోటు తగ్గును. గుండె రెండు ప్రాణములకై అధికముగ శ్రమించును. శిశువును పరాయి వస్తువుగ నెంచి తిరస్కరింపకుండుటకై తల్లి శరీరము తన వ్యాధినిరోధకశక్తిని కొంత మార్చుకొనును. ఈ మూడు కారణములచే సామాన్యస్త్రీకి జ్వరముతో పోవు వ్యాధి గర్భిణికి ఊపిరి సలుపనీయని వ్యాధిగ మారవచ్చును. నెలలు నిండకుండ కాన్పు జరుగుటయు, తొలి మాసములలోని తీవ్రజ్వరము వలన పిండమునకు హాని కలుగుటయు ఇతర భయములు.

చరిత్ర దీనికి సాక్ష్యము చెప్పుచున్నది. 1918లో ప్రపంచమును చుట్టివచ్చిన ఫ్లూ ఆ యేడు జూన్ మాసమున బొంబాయి రేవులో మొదలై, రైలుమార్గముల వెంట దేశమంతట వ్యాపించినది. భారతదేశములో కోటికి పైగా ప్రజలు మరణించిరని అంచనా. ఆ కాలమున అమెరికాలో ఫ్లూ సోకిన 1,350 మంది గర్భిణుల వృత్తాంతములను సేకరించి 1919లో ఒక వైద్యుడు ప్రకటించెను. వారిలో సుమారు సగముమందికి న్యుమోనియా వచ్చినది. మొత్తముమీద నూటికి 27 మంది మరణించిరి. 1957లో మరియొక క్రొత్తరకపు ఫ్లూ మద్రాసు రేవు ద్వారమున మన దేశమున ప్రవేశించినది. ఆ విడత అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున ఫ్లూతో మరణించిన ప్రసవయోగ్య వయస్సుగల స్త్రీలలో సగముమంది గర్భిణులే. 2009లో వచ్చిన హెచ్1ఎన్1 ఫ్లూ మన దేశమున మొదట నిర్ధారణ యైనది హైదరాబాదులో. ఆ సంవత్సరము అమెరికా జనాభాలో గర్భిణులు నూటికి ఒకరు మాత్రమే కాగా, ఆ ఫ్లూతో మరణించినవారిలో వారి పాలు నూటికి ఐదు.

ఈ అంకెలు భయపెట్టుటకు చెప్పినవి కావు. ఫ్లూ సోకిన ప్రతి గర్భిణికి అపాయము కలుగదు. నేడు మందులును, ప్రాణవాయువు నందించు సాధనములును ఉన్నవి. అయినను తొంబది సంవత్సరముల ఎడములో, వేర్వేరు రకముల ఫ్లూలలో, ఒకే వర్గమువారు అధికముగ బాధపడిరన్నచో అది కాకతాళీయము కాదు.

పుట్టబోవు బిడ్డకు తల్లి యిచ్చు రక్షణ

ఫ్లూ టీకా ఆరునెలలు నిండని శిశువులకు వేయరాదు. ఆ వయస్సులోనే ఫ్లూ వారికి మిక్కిలి ప్రమాదకరము. మరి ఆ ఆరునెలలు బిడ్డను కాపాడునదెవరు? ప్రకృతియే ఒక మార్గము చూపినది. గర్భిణి టీకా తీసికొన్నపుడు ఆమె రక్తములో ప్రతిరక్షకములు, అనగా వ్యాధిని ఎదుర్కొను ద్రవ్యములు పుట్టును. అవి మావి గుండ బిడ్డకు చేరును. బిడ్డ పుట్టునప్పటికే తల్లి యిచ్చిన ఆ రక్షణ దాని రక్తములో నుండును.

దీనిని రుజువు చేసిన ప్రఖ్యాత పరిశోధన ఖరగ్‌పూరునకు ఎంతో దూరమున జరిగినది కాదు. మన పొరుగున ఉన్న బంగ్లాదేశములో, ఢాకా నగరమున 2004, 2005 సంవత్సరములలో 340 మంది గర్భిణులతో జరిగినది. దాని ఫలితములు 2008లో ప్రకటితమైనవి. ఫ్లూ టీకా పొందిన తల్లుల శిశువులలో, పరీక్షచే నిర్ధారితమైన ఫ్లూ నూటికి 63 పాళ్లు తగ్గినది. జ్వరముతో కూడిన శ్వాసవ్యాధులు శిశువులలో నూటికి 29 పాళ్లును, తల్లులలో నూటికి 36 పాళ్లును తగ్గినవి. వంగదేశపు గాలినీటిలో, మనవంటి ఇండ్లలో, మనవంటి తల్లులలో తేలిన నిజమిది. 2012లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, ఫ్లూ టీకా కార్యక్రమమున్న దేశములు గర్భిణులకు అగ్రస్థాన మీయవలెనని సిఫారసు చేసినది. మన కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ మార్గదర్శకములును గర్భిణులకు ఈ టీకాను సూచించుచున్నవి.

ఇంటివారి సందేహములు

మొదటి సందేహము: కడుపుతో నున్నపుడు మందులు మంచివి కావందురు గదా, ఈ సూది బిడ్డకు చెరుపు చేయదా?

గర్భిణి తన యిష్టానుసారము మందులు వాడరాదనుట సత్యము. ఈ టీకా సంగతి వేరు. గర్భిణులకు వేయు ఫ్లూ టీకాలో జీవముగల వైరస్ ఉండదు. చంపబడిన వైరస్ యొక్క భాగములు మాత్రమే ఉండును. కావున అది ఫ్లూను కలిగింపజాలదు. ముక్కులో చల్లు జీవటీకా యొకటి కలదు. దానిని గర్భిణులకు ఈయరు. అమెరికా ప్రజారోగ్యశాఖవారు 1960లోనే గర్భిణులకు ఫ్లూ టీకాను సిఫారసు చేసిరి. నాటినుండి నేటివరకు లక్షలకొలది గర్భిణులు దీనిని పొందిరి. దీనివలన గర్భస్రావములు గాని, శిశువులలో అవయవలోపములు గాని పెరుగునని రుజువు కాలేదు. గర్భములోని ఏ మాసమునందైనను దీనిని వేయవచ్చును.

రెండవ సందేహము: సూది వేసిన పిమ్మట జ్వరము వచ్చెనని ఎవరో చెప్పిరి.

సూది గుచ్చినచోట నొప్పి, ఎరుపు, ఒకటి రెండు దినములు ఒళ్లు నొప్పులు, కొంచెము వెచ్చదనము కలుగవచ్చును. ఇది శరీరము రక్షణను తయారుచేసికొనుచున్నదనుటకు గుర్తు. తీవ్రమైన అలర్జీ చాల అరుదు. పూర్వము ఏదేని టీకా వలన అట్టి బాధ కలిగియున్నచో వైద్యునకు ముందే చెప్పవలెను. టీకా వేసిన తరువాత కొంతసేపు ఆసుపత్రిలోనే కూర్చుండుట మంచిది.

మూడవ సందేహము: కరోనా కాలములో గర్భిణులకు టీకా వద్దనిరి, తరువాత వేయించుకొనుడనిరి. ఏది నమ్మవలెను?

ఇది న్యాయమైన ప్రశ్న. 2021 జనవరిలో కరోనా టీకా కార్యక్రమము ఆరంభమైనపుడు గర్భిణులపై తగిన పరిశీలన జరిగియుండలేదు. అందుచే వారిని మినహాయించిరి. వివరములు లభించిన పిమ్మట 2021 జూలై 2వ తేదీన వారికిని అనుమతి నిచ్చిరి. తెలియనపుడు ఆగుట, తెలిసినపుడు చెప్పుట వైద్యశాస్త్ర ధర్మము. అయితే ఆ మార్పునకు కారణము ఇంటింటికి తెలియలేదు. ఆ అనుమానము ఇతర టీకాలకు కూడ అంటుకొన్నది. ఫ్లూ టీకా విషయములో అట్టి అనిశ్చితి లేదు. అది అనేక దశాబ్దముల అనుభవముగల టీకా.

నాల్గవ సందేహము: టీకా వేసికొన్నను ఫ్లూ వచ్చినవారు లేరా?

ఉన్నారు. ఈ టీకా నూటికి నూరుపాళ్లు అడ్డుకట్ట కాదు. వైరస్ రూపము ఏటేట మారుచుండుటచే టీకాను కూడ ఏటేట మార్చుచుందురు. కావుననే గత కాన్పులో వేయించుకొన్నవారు ఈ కాన్పులోను వేయించుకొనవలెను. వ్యాపించుచున్న వైరస్‌తో టీకా చక్కగా సరిపోలిన సంవత్సరములలో వ్యాధి సోకుట సుమారు సగమునకు తగ్గును. సోకినను ఆసుపత్రి పాలగు ప్రమాదము తగ్గును. వానకాలమున గొడుగు పట్టినవాడు ఒక్క చుక్కయైనను తడవడని ఎవరును అనరు. అంతమాత్రమున గొడుగును పారవేయరు.

ఐదవది సందేహము కాదు, ఇబ్బంది. ఈ టీకా నేడు సార్వత్రిక టీకా కార్యక్రమములో ఉచితముగ నిచ్చు టీకాల పట్టికలో లేదు. పలువురు సొంతఖర్చుపై వేయించుకొనవలసి యున్నది. చిన్న జీతముపై బ్రతుకు కుటుంబమునకు ఇది భారమే. రైల్వే ఉద్యోగుల కుటుంబములు ముందుగ తమ రైల్వే ఆసుపత్రిలోను, ఇతరులు ప్రభుత్వ ఆసుపత్రిలోను లభ్యతను గూర్చి విచారింపవలెను. సీమంతమునకు చేయు వ్యయములో కొంత భాగమును దీనికై తీసియుంచుట ఇంటిపెద్దలు ఆలోచింపదగిన సంగతి.

టి.టి. సూది నేర్పిన పాఠము

“మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా?” అను పెద్దమ్మ మాటకు సమాధానము ఆమె అనుభవములోనే కలదు. కొన్ని దశాబ్దముల క్రిందట మన దేశములో ఏటా లక్షన్నర నుండి రెండు లక్షల మంది పసికందులకు ధనుర్వాతము సోకుచుండెను. బొడ్డు కోసిన కత్తి శుభ్రముగ లేక, తల్లికి టీకా లేక, పుట్టిన వారము పది దినములకే బిడ్డ కొయ్యబారి మరణించుచుండెను. నాడు టి.టి. సూదిని సైతము ఇండ్లలో అనుమానించిరి. నర్సులును, మంత్రసానులును, ఆశా కార్యకర్తలును ఓపికతో చెప్పగా చెప్పగా, ఆ సూది ప్రతి గర్భిణి హక్కుగ మారినది. శుభ్రమైన కాన్పులును పెరిగినవి. 2015లో భారతదేశమున తల్లులలోను, నవజాతశిశువులలోను ధనుర్వాతము నిర్మూలింపబడినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపరచినది. ఇప్పుడు టి.టి.కి బదులు కంఠసర్పి నుండి కూడ కాపాడు టి.డి. టీకాను ఇచ్చుచున్నారు. నేడు ఆ సూదిని వద్దను అత్తగారు అరుదు.

మశూచికము కథయు ఇట్టిదే. ఖరగ్‌పూరు తెలుగువారు భక్తితో మాతాపూజ చేయుదురు. ఒకప్పుడు మశూచికమును అమ్మవారు పోయుటగ మన పెద్దలు భావించెడివారు. టీకాలవారు వచ్చినపుడు తలుపులు మూసినవారును కలరు. క్రమముగ పూజయు, టీకాయు ఒకే యింట పొసగినవి. 1975లో మన దేశమున చివరి మశూచి కేసు నమోదైనది. 1977లో దేశము ఆ వ్యాధినుండి విముక్తమైనట్లు ధ్రువీకరింపబడినది. పూజ నేటికిని జరుగుచున్నది. మశూచికము మాత్రము లేదు.

ఒకే యిల్లు ఒక సూదిని ప్రశ్నింపక స్వీకరించి, మరియొక సూదిని శంకించుటకు కారణమిదియే. మొదటిదానిని గూర్చి అందరు చెప్పిరి, రెండవదానిని గూర్చి ఎవరును చెప్పలేదు. గర్భిణులు ఫ్లూ టీకా తీసికొనుటకు అన్నిటికంటె బలమైన ప్రేరణ, తమను చూచు వైద్యుడు లేక నర్సు స్వయముగ సలహా యిచ్చుటయేయని అనేకదేశముల పరిశీలనలలో తేలినది.

రెండు ఊళ్ల నడుమ జారిపోవు బాధ్యత

పురిటికి పుట్టింటికి పోవు ఖరగ్‌పూరు కోడలి విషయములో మరియొక చిక్కు కలదు. కాన్పు అక్కడ గనుక అక్కడివారే చెప్పుదురని ఇచ్చటి వైద్యుడు తలంచవచ్చును. ఏడు నెలలు అచ్చట చూపించుకొనెను గనుక అంతయు అక్కడనే జరిగియుండునని శ్రీకాకుళపు వైద్యుడు తలంచవచ్చును. కోడలు సిగ్గుచే అడుగదు. ఈలోగ వానలు మొదలగును. ఎవరి తప్పును లేకయే టీకా తప్పిపోవును.

దీనికి ఉపాయము కష్టమైనది కాదు. ప్రయాణమునకు కనీసము రెండు వారములు ముందుగ టీకా వేయింపవలెను. టీకా వేసిన తరువాత రక్షణ ఏర్పడుటకు సుమారు రెండు వారములు పట్టును. వీలైనచో వానలకు ముందే, అనగా ఏప్రిల్, మే నెలలలో వేయించుట మేలు. ఆ సమయము దాటినను మానరాదు. టి.డి. సూది వేయు దినముననే రెండవ చేతికి దీనిని వేయవచ్చును. టీకా పేరును, తేదీని తల్లీబిడ్డల రక్షణ కార్డులో వ్రాయించి, ఆ కార్డును బట్టలపెట్టెలో గాక చేతిసంచిలో ఉంచుకొనవలెను. బెంగాలీలో వ్రాసిన కార్డు ఆంధ్రదేశములోని నర్సునకు చదువరాకపోవచ్చును. కావున టీకా పేరును ఆంగ్లములో కూడ వ్రాయించుట మంచిది.

భర్తయు, అత్తమామలును చేయవలసినది కొంత కలదు. కర్మాగారమునుండి, స్టేషనునుండి వచ్చినవారు చేతులు కడుగుకొని గాని గర్భిణి దగ్గరకు, పసిబిడ్డ దగ్గరకు పోరాదు. దగ్గు, జలుబు ఉన్నవారు దూరముగ మసలవలెను. రైలులో గర్భిణి మాస్కు ధరించుట మంచిది. గర్భములో టీకా తప్పిపోయినచో కాన్పు తరువాతనైనను తల్లి వేయించుకొనవచ్చును. చనుబాలకు దానివలన ఏ హానియు లేదు.

టీకా వేయించుకొన్నను, లేకున్నను, గర్భిణికి తీవ్రజ్వరముతో దగ్గు వచ్చినచో కషాయముతో కాలము గడుపరాదు. ఫ్లూకు ఒసెల్టామివిర్ అను మందు కలదు. వ్యాధి ఆరంభమైన రెండు దినములలోగ మొదలిడినచో అది బాగుగ పనిచేయును. వైద్యుని సలహాపై గర్భిణులును వాడవచ్చును. ఆయాసము, ఛాతీనొప్పి, పెదవులు నీలివన్నె కెక్కుట, మగత, బిడ్డ కదలిక తగ్గుట — వీనిలో ఏ యొక్కటి కనబడినను రాత్రియని, పండుగయని చూడక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

సోదరీమణులారా, తదుపరి పరీక్షకు పోయినపుడు “నాకు ఫ్లూ టీకా వేయింపవచ్చునా?” యని అడుగుడు. అడుగుటకు కోడలు బిడియపడినచో అత్తగారే అడుగవలెను. ఇంటిలో ఆమె మాటకు గల విలువ పుట్టబోవు మనుమనికో, మనుమరాలికో రక్షణగ మారుటకంటె ఆమెకు సంతోషకరమైనది మరియేమి కలదు? రైలు ఎక్కించుటకు వెళ్లువారు సామానులు లెక్కించుకొనునపుడు ఈ టీకాను కూడ లెక్కలో చేర్చుకొందురుగాక.